చీలిన సంఘం, కాపరి బాధ్యత: దక్షిణాఫ్రికా క్రైస్తవ సంఘాల అనుభవం

ఒకే దేవుణ్ణి ప్రార్థించి, ఒకే గ్రంథాన్ని పఠించి, ఒకే కీర్తనను పాడేవారు రాజకీయ విషయం వచ్చేసరికి ఒకరి ముఖం ఒకరు చూడలేని స్థితికి చేరుకోవడం చరిత్రలో కొత్త కాదు. అట్లా చీలిన సమాజాన్ని మళ్ళీ ఒకచోట కూర్చోబెట్టవలసిన బాధ్యత ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు అందరి చూపూ మతబోధకుని వైపు తిరుగుతుంది. క్రైస్తవులు తమ పాస్టరును కాపరి అని కూడా పిలుచుకుంటారు. మంద రెండైనప్పుడు కాపరి ఏ వైపు నిలవాలి? రెండు వైపులా నిలవగలడా? దీనికి మన పెద్దలు సాధారణంగా చెప్పే సమాధానం ఒకటుంది: ప్రార్థనా స్థలంలో రాజకీయం మాట్లాడకపోతే సరి అని. వినడానికి ఎంతో పెద్దమనిషి తరహాగా ఉన్న ఈ సమాధానం చాలదని మా అభిప్రాయం. ఎందుకు చాలదో చెప్పడానికి ఊహలు అక్కరలేదు. దక్షిణాఫ్రికాలోని డచ్ రిఫార్మ్డ్ సంఘ చరిత్రను పరిశీలిస్తే చాలును.

క్రైస్తవ సంఘాల వ్యవహారాన్ని గురించి ముస్లింలమైన మేము వ్రాయడం కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చు. కాని ఎన్నికల కాలంలో మసీదు కమిటీలోను, చర్చి పెద్దలలోను, ఆలయ ధర్మకర్తలలోను వినవచ్చే గుసగుసలు ఒక్క తీరుగానే ఉంటాయి. శుక్రవారం నాడు మింబరు మీద నిలిచే ఖతీబుకు, ఆదివారం నాడు ప్రసంగవేదిక ఎక్కే పాస్టరుకు ఎదురయ్యే చిక్కు ఒక్కటే: ఎదుట కూర్చున్నవారిలో సగం మందికి నచ్చే మాట మిగిలిన సగానికి నచ్చదు, ఆయన జీతం మాత్రం ఉభయుల చందాల నుండే రావాలి. ఇక దక్షిణాఫ్రికానే ఎన్నుకోవడానికి కారణం, అక్కడి సినడులు తాము చేసిన ప్రతి తీర్మానాన్నీ వ్రాసి పెట్టుకున్నాయి. గాయం ఏ సంవత్సరంలో తగిలిందో, ఏ మాటలతో తగిలిందో కూడా మనం చూడవచ్చును.

1652లో డచ్ ఈస్టిండియా కంపెనీవారు కేప్ ప్రాంతంలో స్థావరం ఏర్పరచుకున్నప్పుడు వారి వెంట వారి సంఘమూ వచ్చింది. కాలక్రమాన బానిసలు, స్థానిక ఖోయిఖోయి ప్రజలు, మిశ్రజాతివారు కొందరు బాప్తిస్మం పొంది ఆ సంఘంలోనే చేరారు. వారు తెల్లవారితో కలిసి ప్రభురాత్రి భోజన సంస్కారంలో పాల్గొనవచ్చునా అన్న ప్రశ్న 1829లో కేప్ సినడు ఎదుటికి వచ్చింది. సినడు ఇచ్చిన సమాధానం చాలా గొప్పది. వర్ణభేదం లేకుండా అందరికీ ఒకే సమయంలో సంస్కారం ఇవ్వాలని, ఇది దైవవాక్యం మీద ఆధారపడిన సూత్రం గనుక చర్చకు గాని ఓటుకు గాని పెట్టవలసిన విషయమే కాదని అది తేల్చింది.

ఇరవై యెనిమిది సంవత్సరాలు గడిచాయి. 1857లో అదే సినడు అదే విషయాన్ని ఓటుకు పెట్టింది. ప్రతిపాదన చేసినవారు పెద్ద ఆండ్రూ మర్రే. ప్రార్థనను గురించిన గ్రంథాలతో లోకమంతటా పేరొందిన ఆండ్రూ మర్రేకు తండ్రి. దుర్మార్గుడు కాడు, భక్తుడు. ఆ తీర్మానం మొదటి భాగం చదివితే తప్పు పట్టడానికి వీలే లేదు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారిని ఉన్న సంఘాలలోనే చేర్చుకోవడం వాంఛనీయమని, అది లేఖనాలకు అనుగుణమని ఒప్పుకున్నారు. రెండవ భాగంలో ఒక చిన్న వెసులుబాటు ఉంది: కొందరి బలహీనత కారణంగా ఈ పద్ధతి సువార్త పనికి అడ్డుగా నిలిచే చోట, వారికి వేరే భవనంలో ఆరాధన జరపవచ్చును.

‘కొందరి బలహీనత’ అన్న ఈ మాట దగ్గర మా విద్యార్థులు కొంచెంసేపు ఆగవలెనని కోరుతున్నాం. బలహీనులెవరు? నల్లవారి పక్కన కూర్చోలేని తెల్లవారు. వారి మనసు నొచ్చుకోకూడదని కాపరులు దయ తలచారు. ద్వేషంతో కాదు, దయతోనే ఆ తలుపు మూసుకున్నది. పైగా అది శాశ్వత నియమం కాదు, తాత్కాలికమైన సర్దుబాటు మాత్రమే. అందరినీ కలుపుకొని పోవాలని, ఎవరినీ బాధపెట్టరాదని, గొడవ లేకుండా గడపాలని తలచే కాపరి ఎప్పుడూ చేసే పనే అది. మన ఊళ్ళలో పంచాయితీలు చేసే పెద్దమనుషులు కూడా తరచుగా చేసేది ఇదే. బలవంతుని అలకకు భయపడి బలహీనుణ్ణి సర్దుకొమ్మంటారు, తరువాత దానికి రాజీ అని పేరు పెడతారు.

సర్దుబాటు అలవాటయింది. అలవాటు చట్టమయింది. 1881లో మిశ్రజాతివారికి ప్రత్యేకంగా మిషను సంఘం ఏర్పడింది. 1951లో నల్లజాతివారికి మరొకటి, 1968లో భారత సంతతివారికి ఇంకొకటి వచ్చాయి. ఈ చివరి మాట తెలుగువారికి దూరమైనది కాదు. 1860లో మొదలుకొని 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు చెరకు తోటలలోను ఇతర పనులలోను ఒప్పంద కూలీలుగా నేటాలు చేరుకున్నారు. మద్రాసు రేవు నుండి వెళ్ళినవారిలో తెలుగువారు చాలామంది. వారి మధ్య పనిచేయడానికి నెల్లూరు ప్రాంతం నుండి జాన్ రంగయ్య అనే తెలుగు బాప్టిస్టు బోధకుడు 1903లో నేటాలు వెళ్ళి అక్కడ తెలుగు సంఘం స్థాపించాడు. తమవారి మతసేవకు తామే బోధకుణ్ణి పంపుకొన్న తెలుగు క్రైస్తవుల ఉత్సాహం మెచ్చదగినది. అయితే ఆ దేశంలో తెలుగువాని ఆరాధన ఒకచోట, జులూవాని ఆరాధన ఒకచోట, తెల్లవాని ఆరాధన మరొకచోట జరిగే స్థితి స్థిరపడిపోయింది. ఒకరి దుఃఖం మరొకరి చెవిన పడే వీలు లేదు.

1948లో నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చి వర్ణవిభజనను రాజ్యవిధానం చేసింది. ఆనాటి ప్రధాని డి. ఎఫ్. మలాన్ పూర్వాశ్రమంలో డచ్ రిఫార్మ్డ్ సంఘ పాస్టరు! కనుక రాజకీయం బయట నుండి వచ్చి సంఘాన్ని చీల్చిందనడం కంటె, సంఘంలో అప్పటికే ఉన్న చీలిక రాజకీయానికి నమూనాగా అందివచ్చిందనడం సమంజసం. ఇట్టి సంఘంలో ‘మేము రాజకీయం మాట్లాడము’ అని పాస్టరు అన్నాడంటే, కూర్చున్న కుర్చీలే ఆయన తరఫున రాజకీయం మాట్లాడుతున్నాయని గ్రహించాలి.

1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసు కాల్పులు జరిగాయి. అధికారిక లెక్క ప్రకారమే 69 మంది చనిపోయారు. ఆ సంవత్సరం డిసెంబరులో ప్రపంచ సంఘాల మండలి చొరవతో జొహానెస్‌బర్గ్‌లోని కాటెస్లోలో దక్షిణాఫ్రికా సంఘాల ప్రతినిధులు ఒక వారం పాటు కూడి చర్చించారు. జాతి కారణంగా ఏ విశ్వాసినీ ఏ సంఘం నుండీ వెలివేయరాదని, భిన్నజాతుల మధ్య వివాహాలను నిషేధించడానికి లేఖనాధారం లేదని వారి ప్రకటనలో ఉంది. డచ్ రిఫార్మ్డ్ ప్రతినిధులు కూడా దానికి సమ్మతించారు. ప్రధాని వెర్వూర్డ్‌కు ఆగ్రహం కలిగింది. అది ప్రతినిధుల సొంత అభిప్రాయమే గాని సంఘాలది కాదని ఆయన సూచించాడు. 1961లో సినడులు ఒకదాని తరువాత ఒకటి ఆ ప్రకటనను తోసిపుచ్చాయి, ప్రపంచ మండలి నుండి కూడా వైదొలగాయి. తోటి ప్రతినిధులలో పలువురు మెత్తబడ్డారు. మెత్తబడనివారిలో ముఖ్యుడు బేయర్స్ నౌడే.

ఈయనను గురించి కొంత వివరంగా చెప్పక తప్పదు. 1915లో జన్మించిన నౌడే పాస్టరు కుమారుడు, తానూ పాస్టరు. ఆఫ్రికానర్ జాతి పెద్దలు కొందరు 1918లో స్థాపించుకున్న బ్రూదర్‌బాండ్ అనే రహస్య సంస్థ స్థాపకులలో ఆయన తండ్రి ఒకరు. నౌడే కూడా చిన్న వయసులోనే అందులో సభ్యుడయ్యారు. అంటే ఆయన బయటివాడు కాడు, ఆ ఇంటి బిడ్డ. ఆయన మనసు మారడానికి కారణం ఏ రాజకీయ పార్టీ కరపత్రమూ కాదు. 1950ల దశకంలో మిషను సంఘాలలో పనిచేస్తున్న యువ పాస్టర్లు తమ సభ్యుల బాధలు చెప్పినప్పుడు ఆయన మొదట నమ్మలేదట. వచ్చి చూడుమని వారు పిలిచారు. ఆయన వెళ్ళి నల్లవారి బస్తీలను, గనికార్మికుల నివాసాలను కళ్ళారా చూశారు. అటు తరువాత లేఖనాలను మళ్ళీ చదివారు. ఈ వరుస మాకు ముఖ్యమైనదిగా తోస్తున్నది. చదివి వెళ్ళలేదు, వెళ్ళి వచ్చి చదివారు.

అయినా ఆయన తొందరపడి వేదికనెక్కి కేకలు వేయలేదు. తెల్లవారూ నల్లవారూ కలిసి బైబిలు చదువుకొనే చిన్న చిన్న బృందాలను ప్రోత్సహించారు. ఒక పత్రికకు సంపాదకత్వం వహించారు. 1963లో క్రిస్టియన్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఏర్పడి ఆయనను సంచాలకునిగా పిలిచింది. ఈ పదవి స్వీకరిస్తే పాస్టరు హోదా ఉండదని సంఘాధికారులు స్పష్టం చేశారు. 1963 సెప్టెంబరు 22న జొహానెస్‌బర్గ్‌లోని ఆస్‌ఫోయెల్‌కాప్ సంఘంలో, సంపన్నులు, అధికారులు నిండిన తన సొంత సభ ఎదుట, అపొస్తలుల కార్యముల 5వ అధ్యాయం ఆధారంగా ఆయన ప్రసంగించారు. మానవుల ఆజ్ఞకు, దేవుని ఆజ్ఞకు పొత్తు కుదరనప్పుడు ఏది పాటించాలన్నదే ప్రసంగ విషయం. తన నిర్ణయాన్ని ఆ వేదిక మీదనే ప్రకటించారు. తరువాత పాస్టరు అంగీని విడిచిపెట్టవలసి వచ్చింది.

ఆ ప్రసంగంలో గమనించదగిన విషయం ఒకటున్నది. ఆయన మాట్లాడింది ప్రత్యర్థులతో కాదు. నల్లవారి సభకు వెళ్ళి తెల్లవారిని తిట్టి చప్పట్లు కొట్టించుకోవడం సులభమై ఉండేది. ఆయన తనవారితో, తనవారి భాషలో, తనవారు పూజించే గ్రంథాన్నే చేతబట్టి మాట్లాడారు. రాజకీయ పక్షాల పదజాలం వాడి ఉంటే సభ్యులు దానిని ఒక పార్టీ మాటగా త్రోసిపుచ్చి ఊరుకొనేవారు. సొంత గ్రంథంలోని మాటను త్రోసిపుచ్చడం అంత తేలిక కాదు. బహుశా అందుకే వారికి అంత కోపం వచ్చింది.

1977 అక్టోబరు 19న ప్రభుత్వం క్రిస్టియన్ ఇన్‌స్టిట్యూట్‌ను నిషేధించి, నౌడేపై కూడా నిర్బంధాజ్ఞలు విధించింది. ఒక సమయంలో ఒక్కరి కంటె ఎక్కువ మందితో ఆయన కలిసి ఉండరాదు. అది 1984 దాకా సాగింది. సభలో మాట్లాడే వీలు లేని ఆ ఏళ్ళలో మనుషులు ఒక్కొక్కరుగా ఆయన ఇంటికి వచ్చి తమ మనసులోని మాట చెప్పుకొని పోయేవారు. వేల మందికి చేసే ప్రసంగం కంటె ఒక్కరి మాట ఓపికగా వినడం కాపరి పనిలో తక్కువదేమీ కాదు. ప్రభుత్వం తెలియకుండానే ఆయనకు ఆ పని అప్పగించింది. 1980లో ఆయన తెల్లవారి సంఘాన్ని విడిచి నల్లవారి డచ్ రిఫార్మ్డ్ సంఘంలో సభ్యులయ్యారు.

తన మందకు వెలుపలివారి కోసం కష్టపడిన బోధకుడొకరి సంగతి కూడా ఇక్కడ చెప్పవలసి ఉన్నది. కేప్‌టౌన్‌లో ఇమాం అబ్దుల్లా హారూన్‌ను పోలీసులు నిర్బంధించి సుమారు నాలుగు నెలలు ఉంచుకున్నారు. 1969 సెప్టెంబరు 27న ఆయన వారి నిర్బంధంలోనే మరణించారు. మెట్ల మీద నుండి జారిపడినాడని పోలీసులు చెప్పారు. 1971లో బెర్నార్డ్ రాంక్‌మోర్ అనే ఆంగ్లికన్ ప్రీస్టు ఆ మరణంపై విచారణ జరగాలని కోరుతూ, ఊరి పక్క కొండ మీద ఉన్న ఒక ముస్లిం దర్గాలో కూర్చొని రెండు నెలలకు పైగా ఉపవాసం చేశారు. ప్రభుత్వం కదలలేదు. విచారణ మళ్ళీ తెరవడానికి 2022 దాకా పట్టింది. ఇమాం చిత్రహింసల వల్ల మరణించారని 2023లో న్యాయస్థానం తేల్చింది. ఒక ప్రీస్టు దర్గాలో ఉపవసించడం వలన ఆనాడు తీర్పు మారలేదు గాని, ఆ నగరంలోని ముస్లింలు ఆ సంగతి మరచిపోలేదు.

మళ్ళీ సంఘం విషయానికి వద్దాం. 1857లో గాయం తగిలినది సంస్కారపు బల్ల దగ్గర. 1982లో కెనడాలోని అట్టావాలో ప్రపంచ రిఫార్మ్డ్ సంఘాల కూటమి సమావేశం జరిగినప్పుడు, అలన్ బోసాక్‌తో సహా దక్షిణాఫ్రికా ప్రతినిధులు కొందరు అదే బల్ల దగ్గర ఆగిపోయారు. మా దేశంలో మాతో కూర్చోనివారితో ఇక్కడ కూర్చొని సంస్కారం తీసుకోలేమన్నారు. ఎవరికి ఎంత నొప్పి కలిగిందో లోకానికి అప్పుడు తెలిసింది. ఆ సమావేశం వర్ణవిభజనను సమర్థించడం విశ్వాసానికే విరుద్ధమని ప్రకటించి, రెండు తెల్లవారి సంఘాల సభ్యత్వాన్ని నిలిపివేసింది.

అదే సంవత్సరం మిశ్రజాతివారి మిషను సంఘం బెల్హార్‌లో సమావేశమై ఒక విశ్వాస ప్రమాణం తయారుచేసింది. 1986లో దానిని అంగీకరించింది. ఐక్యత, సమాధానం, న్యాయం అన్నవి అందులోని విషయాలు. ప్రమాణంతో పాటు వారొక లేఖ కూడా జతచేశారు. మా దృష్టిలో ఆ లేఖ ప్రమాణానికి తీసిపోదు. ఇది ఫలానా మనుషులపై, ఫలానా సంఘంపై ఎక్కుపెట్టినది కాదని, ఒక తప్పుడు బోధ మీద మాత్రమే ఎక్కుపెట్టినదని, ఆ బోధ తమలో కూడా చొరబడగలదని వారు వ్రాశారు. దెబ్బలు తిన్నవారు దెబ్బలు కొట్టినవారికి వ్రాసే లేఖలో ఇంతటి నిగ్రహం అరుదు. మనిషినీ, అతని అభిప్రాయాన్నీ వేరుచేసి చూడడం చెప్పినంత సులభం కాదు. వేరు చేయనిదే అతడు తిరిగి రావడానికి దారి ఉండదు.

తెల్లవారిలోనూ కదలిక వచ్చింది. 1982లోనే 123 మంది డచ్ రిఫార్మ్డ్ పాస్టర్లు, పండితులు బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. ఇటు 1985లో ‘కైరోస్’ పత్రం వెలువడింది. పాలకులకు వత్తాసు పలికే మతబోధనే కాక, న్యాయం మాట ఎత్తకుండా సమాధానపడండి, సమాధానపడండి అని ఉభయులకూ సమానంగా హితవు చెప్పే మతబోధను కూడా ఆ పత్రం తీవ్రంగా విమర్శించింది. పీడించేవాడు, పీడితుడు ఒకే ఆరాధనలో పక్కపక్కన కూర్చొని ఉన్నప్పుడు ఇద్దరికీ ఒకే మందు ఇవ్వడం వైద్యం కాదని దాని సారాంశం. దీనిలో కొంత కాఠిన్యం ఉన్నదని భావించేవారున్నారు. అయితే 1857 తీర్మానాన్ని చదివినవారికి ఆ కాఠిన్యం ఎక్కడ నుండి వచ్చిందో బోధపడుతుంది.

1986లో తెల్లవారి డచ్ రిఫార్మ్డ్ సంఘం వర్ణవిభజనకు లేఖనాధారం లేదని, సంఘం తలుపులు అందరికీ తెరిచి ఉండాలని ఒప్పుకున్నది. ఫలితమేమిటి? 1987లో వేలాది సభ్యులు విడిపోయి తెల్లవారికి మాత్రమే పరిమితమైన ఆఫ్రికాన్స్ ప్రొటెస్టెంట్ సంఘం స్థాపించుకున్నారు. చూశారా, నోరు విప్పితే చీలిక వచ్చింది, మౌనంగా ఉంటే ఐక్యత నిలిచి ఉండేది కదా అనవచ్చును. ఈ ఆక్షేపణను తేలికగా కొట్టివేయరాదు. మేము చెప్పగలిగిందల్లా ఇది: 1857 నుండి నిలిచి ఉన్నది ఐక్యత కాదు. చీలికకు అవతల ఉన్నవారు లెక్కలోకి రాలేదు గనుక అది ఐక్యతగా కనిపించింది. 1986లో సంఘానికి మోడరేటరుగా ఎన్నికై ఆ మార్పుకు నాయకత్వం వహించిన ఆచార్య యోహాన్ హేన్స్ 1994 నవంబరు 5న ప్రిటోరియాలో తన ఇంట్లో కుటుంబంతో కూర్చొని ఉండగా కిటికీ గుండా వచ్చిన తుపాకి గుండుకు బలి అయ్యారు. హంతకుడు ఎవరో తేలలేదు.

1990 ఫిబ్రవరి 11న నెల్సన్ మండేలా విడుదలయ్యారు. ఆ నవంబరులో రస్టెన్‌బర్గ్ పట్టణంలో దేశంలోని సంఘాల ప్రతినిధులు సమావేశమయ్యారు. ఒకరినొకరు ఏళ్ళ తరబడి దూషించుకున్నవారంతా ఒకే కప్పు కింద ఉన్నారు. స్టెల్లెన్‌బాష్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు విల్లీ యోంకర్ పత్రం చదవడానికి లేచారు. తన ఉపన్యాసం మధ్యలో, వర్ణవిభజన వలన కలిగిన రాజకీయ, సామాజిక, ఆర్థిక అన్యాయాలకు తన వ్యక్తిగత బాధ్యతను దేవుని ఎదుట, అక్కడివారి ఎదుట ఒప్పుకున్నారు. తన సంఘం తరఫున, తన ఆఫ్రికానర్ జాతి తరఫున కూడా ఆ ఒప్పుకోలు చేస్తున్నానన్నారు. ‘అయితే’, ‘కాని’ అన్న మాటలు అందులో లేవు. మీరు కూడా హింసకు పాల్పడ్డారు కదా అన్న ఎదురు లెక్క లేదు. ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ లేచి, ఇట్టి ఒప్పుకోలు విన్న తరువాత క్షమించడం తప్ప తనకు వేరే దారి లేదన్న భావంతో దానిని స్వీకరించారు.

అంతటితో అంతా సుఖాంతమైందనుకుంటే పొరపాటు. మా అందరి తరఫున క్షమించడానికి టూటూ ఎవరు అని నల్లజాతి ప్రతినిధులలో కొందరు ప్రశ్నించారు. మాటలతో సరిపోదు, భూములు, బడులు, జీతాల సంగతి ఏమిటన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇటు తెల్లవారిలో మాజీ అధ్యక్షుడు పి. డబ్ల్యు. బోథా సంఘ నాయకులకు ఫోన్ చేసి తన ఆగ్రహం తెలిపారు. అయినా యోంకర్ మాటలు తమ మాటలేనని డచ్ రిఫార్మ్డ్ ప్రతినిధి వర్గం సభలో ప్రకటించింది. ఉభయ పక్షాల కాపరులకూ తమతమ మందల నుండే మొట్టికాయలు పడ్డాయన్నమాట. నిజమైన మధ్యవర్తికి రెండు వైపుల నుండీ దెబ్బలు తగలడం సహజం. ఒక వైపు నుండే చప్పట్లు వినిపిస్తే ఆయన ఎక్కడ నిలబడి ఉన్నాడో మరొకసారి చూసుకోవలసి ఉంటుంది.

పెద్దల ఒప్పుకోలు పత్రికలకెక్కుతుంది. సామాన్య సభ్యుని మనసులోని పుండు మానడానికి అది చాలదు. ఈ పనిని మైకేల్ లాప్‌స్లీ అనే ఆంగ్లికన్ ప్రీస్టు చేపట్టారు. న్యూజీలాండ్‌లో పుట్టి, దక్షిణాఫ్రికా విముక్తి ఉద్యమంలో చేరిన ఆయనకు 1990 ఏప్రిల్‌లో హరారేలో తపాలా ద్వారా వచ్చిన బాంబు పేలి రెండు చేతులూ, ఒక కన్నూ పోయాయి. 1998లో ఆయన కేప్‌టౌన్‌లో స్థాపించిన సంస్థ పద్ధతి బహు సరళమైనది. కొద్దిమందిని ఒకచోట కూర్చోబెడతారు. ఒక్కొక్కరు తన కథ చెబుతారు, మిగిలినవారు వింటారు. వాదన లేదు, తీర్పు లేదు. పోలీసు ఉద్యోగం చేసినవాడు, పోలీసు దెబ్బలు తిన్నవాడు ఒకే గుండ్రంలో కూర్చున్న సందర్భాలున్నాయి. రెండు చేతులూ లేని మనిషి నిర్వహించే సభలో తన కష్టమే పెద్దదని ఎవరూ బిగ్గరగా అనలేరు కాబోలు.

ఈ పాస్టర్లందరిలో మాకు కనిపించిన సామాన్య లక్షణం ఒక్కటే. ప్రతివారూ తనవారి తప్పుతో మొదలుపెట్టారు. ఎదుటివారి తప్పు ఎత్తిచూపే బోధకుడు ప్రతి పక్షానికీ సులభంగా దొరుకుతాడు. అట్టివాడు పాస్టరు వేషంలో ఉన్న ప్రచారకుడు. తనవారికి తనవారి తప్పు చెప్పగల అధికారం మాత్రం లోపలివానికే ఉంటుంది. వారి బిడ్డలకు బాప్తిస్మమిచ్చి, వారి మృతులను సమాధి చేసి, కష్టకాలంలో వారి ఇళ్ళలో కూర్చొని ఉన్నవాడే ఆ మాట అనగలడు. అందువల్ల కాపరి రాజకీయం మాట్లాడవచ్చునా, కూడదా అన్న చర్చకంటె, ఆయన మిగిలిన ఆరు రోజులు ఎవరి ఇళ్ళకు వెళుతున్నాడన్నది ముందు అడగవలసిన ప్రశ్న. ఎవరికి ఓటు వేయాలో చెప్పే పని ఆయనది కాదు. బల్ల దగ్గర ఎవరికి చోటు లేకుండా పోయిందో గమనించే పని ఆయనదే. దానిని మరెవరూ చేయలేరు.

1994లో మిషను సంఘం, నల్లవారి సంఘంలో అధిక భాగం కలిసి సమైక్య రిఫార్మ్డ్ సంఘంగా ఏర్పడ్డాయి. ఆ సంవత్సరమే తెల్లవారి డచ్ రిఫార్మ్డ్ సినడు మండేలాను అతిథిగా ఆహ్వానించింది, నౌడేకు బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నది. 2004లో ఆయన మరణించినప్పుడు అంత్యక్రియల ఆరాధన ఆస్‌ఫోయెల్‌కాప్‌లోనే జరిగింది. చితాభస్మాన్ని నల్లవారి బస్తీ అయిన అలెగ్జాండ్రాలో చల్లారు. ఇంత జరిగినా ఆ రెండు సంఘాలు నేటికీ ఒక్కటి కాలేదు. బెల్హార్ ప్రమాణాన్ని తన విశ్వాస ప్రమాణాలలో చేర్చుకోవాలన్న ప్రతిపాదన తెల్లవారి సంఘంలోని ప్రాంతీయ సినడుల ఎదుటికి వచ్చినప్పుడు 2015 నాటికి కూడా దానికి కావలసినంత మద్దతు లభించలేదు. ఆస్తులు, జీతాలు, భాష, భయాలు అన్నీ అడ్డు వస్తున్నాయి. 1857లో ఒక్క తీర్మానంతో తెరిచిన గాయాన్ని ఎన్ని తీర్మానాలు కలిసి మాన్పుతాయో చెప్పడం కష్టం.

మా చరిత్ర విద్యార్థులకు ఒక సూచన. సెలవులలో ఇళ్ళకు వెళ్ళినప్పుడు మీ మసీదు కమిటీ వారిదో, చర్చి పెద్దలదో పాత తీర్మానాల పుస్తకం ఉంటే అడిగి చదవండి. మీ ఊరిలో చీలిక ఉంటే అది ఏ సంవత్సరంలో, ఎవరి మనసు నొచ్చుకోకూడదని చేసిన ఏ చిన్న సర్దుబాటుతో మొదలయిందో అందులో ఎక్కడో వ్రాసి ఉండవచ్చును. అట్టి పుటలను శ్రద్ధగా ఎత్తి వ్రాసి తెచ్చినవారి వ్యాసాలను వచ్చే సంచికలో ప్రకటించవలసినదిగా సంపాదకవర్గానికి మనవి చేస్తున్నాం.